అమ్మవారి కన్ను మీద పడవ షికారు

మే నెలలో ఏ ఉదయం చూసినా ఉత్తరాఖండ్‌లోని నైనీతాల్‌లో, సరస్సు ఒడ్డున ఉన్న మల్లీతాల్ సందడిగా ఉంటుంది. నైనాదేవి గుడి గంటలు ఆగకుండా మోగుతుంటాయి. ఎర్రచున్నీ, కొబ్బరికాయ పెట్టిన పళ్లెంతో వరసలో నిలబడ్డ కుటుంబం దర్శనం ముగించుకుని బయటికొస్తుంది. చెప్పులు తొడుక్కుని కొద్ది దూరం నడిస్తే పడవల రేవు. అక్కడ ఇంకో వరస. లైఫ్ జాకెట్లు తగిలించుకుని, మెత్తలు పరిచిన చెక్క పడవలోకి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగుతారు. పడవవాడు పాదాలు అడ్డచెక్కకు తన్నిపట్టి, వెనక్కి వాలి రెండు తెడ్లూ ఒక్క ఊపున లాగుతాడు. పిల్లలు నీళ్లలో చేతులు ముంచి ఒకరి మీద ఒకరు చిమ్ముకుంటారు. ఇంటి పెద్దాయన కాళ్లు బార్లా చాపుకుని ఫోటోకు సిద్ధమవుతాడు.

ఆ నీళ్లు అమ్మవారి కన్ను. దక్షయజ్ఞంలో ప్రాణం విడిచిన సతీదేవి దేహాన్ని భుజాన వేసుకుని శివుడు లోకాలన్నీ తిరుగుతుంటే విష్ణుచక్రం ఆ దేహాన్ని ఖండించిందని, కన్ను ఇక్కడ పడి సరస్సయిందని స్థలపురాణం. ద్రాక్షారామాన్ని దక్షుడు యజ్ఞం చేసిన చోటని నమ్మేవారికి, ఆలంపురం జోగులాంబనూ పిఠాపురం పురుహూతికనూ కొలిచేవారికి ఈ కథ కొత్త కాదు. మనం చదువుకునే అష్టాదశ పీఠాల శ్లోకంలో నైనాదేవి పేరు కనిపించదు. హిమాచల్‌లో బిలాస్‌పూర్ జిల్లా కొండ మీద ఇంకో నైనాదేవి ఉంది, కన్ను పడింది తమ దగ్గరేనని అక్కడివారంటారు. ఆ తగవు ఎటు తేలినా నైనీతాల్ వాళ్లకు పట్టదు. వాళ్లు ఈ నీటిని దేవి కన్నుగా మొక్కుతారు, ఈ నీటినే తాగుతారు, ఈ నీటి మీదే పడవలు నడిపి బతుకుతారు.

మరి గుడి గడప ముందు చెప్పులు విడిచిన మనిషి పావుగంట తిరక్కుండానే అమ్మవారి కంటి మీద కాళ్లు చాపుకుని కూర్చోవడం అపచారం కాదా? ఈ ప్రశ్న చాదస్తంగా తోచవచ్చు. కానీ కేదారనాథ్ నుంచి శ్రీశైలం దాకా కొండ మీద ఉన్న ప్రతి క్షేత్రంలోనూ ఇవాళ వినిపిస్తున్న ఫిర్యాదుకు మూలం ఇదే: షికారు కోసం వచ్చేవాళ్లు ఎక్కువై పవిత్రత పోయిందని. తీర్థయాత్ర గొప్పది, విహారయాత్ర తక్కువది అన్న అంచనా ఆ ఫిర్యాదు వెనక ఉంది. ఆ అంచనా ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి నైనీతాల్‌ను మించిన చోటు లేదు. ఈ ఊరు పుట్టిందే ఆ రెండింటి మధ్య జరిగిన ఒక పెనుగులాటలో.

1841లో షాజహాన్‌పూర్ చక్కెర వ్యాపారి పి. బ్యారన్ కుమావూ కొండల్లో తిరుగుతూ ఈ సరస్సు దాకా వచ్చాడు. అప్పటికి ఒడ్డున ఊరు లేదు. చుట్టుపక్కల గ్రామాలవారు ఏటా జాతరకు వచ్చి, అమ్మవారికి మొక్కి వెళ్లిపోయేవారు. కుమావూ కమిషనర్‌గా ఉన్న ట్రెయిల్ 1823లోనే ఈ చోటు చూశాడని, స్థానికుల నమ్మకాన్ని గౌరవించి ఎక్కడా చాటలేదని చెబుతారు. బ్యారన్ అలాంటివాడు కాదు. దారి చూపమని ఒక కొండవాణ్ణి అడిగితే ఆ సరస్సు ఎక్కడుందో తనకు తెలియదన్నాడట. బ్యారన్ అతని నెత్తిన ఓ పెద్ద బండరాయి పెట్టించి, నైనీతాల్‌లో రాళ్లు దొరకవు గదా, ఇల్లు కట్టడానికి దీన్ని అక్కడిదాకా మొయ్యమన్నాడు. కొంత దూరం మోశాక ఆ మనిషి తాళలేక, అయ్యా, అక్కడ రాళ్లకేం కొదవ అనేశాడు. చోటు తెలుసని అలా బయటపడింది. ఇది బ్యారన్ తానుగా చెప్పుకున్న కథే.

ఆయన చెప్పుకున్న రెండో కథ ఇంకా కటువుగా ఉంటుంది. ఆ సరస్సూ చుట్టూ ఉన్న కొండలూ తనవని నర్ సింగ్ అనే స్థానిక పెద్ద అడ్డు చెప్పాడు. మరుసటి ఏడు బ్యారన్ కొండ మీదికి పడవ మోయించాడు. నర్ సింగ్‌ను మాటల్లో పెట్టి పడవ ఎక్కించి, సరస్సు నడిమధ్యకు తీసుకెళ్లి, హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెడతావా, నీళ్లలో పడతావా అన్నాడు. ఈత రాని మనిషి ఏం చేస్తాడు, సంతకం పెట్టాడు. నైనీ సరస్సు మీద తిరిగిన తొలి పడవ చేసిన పని అది.

ఇంతా చేసిన బ్యారన్ పత్రికల్లో రాసేటప్పుడు పెట్టుకున్న కలం పేరు ‘పిల్‌గ్రిమ్’. తీర్థయాత్రికుడు అన్నమాట. ఇక్కడ కట్టుకున్న ఇంటికి ‘పిల్‌గ్రిమ్ లాడ్జ్’ అని పేరు పెట్టాడు. 1844లో అచ్చయిన హిమాలయ ప్రయాణాల పుస్తకం కూడా ఆ కలం పేరుతోనే వచ్చింది. ఆ పేరు వేషమని కొట్టిపారేస్తే బ్యారన్‌కు అన్యాయం చేసినట్టే. ఈ సరస్సును చూసి ఆయన నిజంగానే చలించిపోయాడు. హిమాలయాల్లో తాను తిరిగిన చోట్లన్నిటిలో దీనికి సాటి లేదని రాశాడు. అందం చూసి కరిగిపోయిన మనిషే ఆ అందానికి కాపలా ఉన్నవాణ్ణి నీళ్లలో తోస్తానని బెదిరించాడు. మనసులో భక్తి ఉందా లేదా అన్న కొలతతో ఈ మనిషిని తూచలేం. ఉంది. ఉండి కూడా అలా చేశాడు.

కొలత మరోచోట వెతకాలి. అలా వెతికినవారిలో అందరికన్నా ముందు రాతిమీద రాయించినవాడు అశోకుడు. ఆయన ఎనిమిదో శిలాశాసనం ఈ ఒక్క సంగతి గురించే. పూర్వపు రాజులు వేట కోసం, వినోదం కోసం విహారయాత్రలకు వెళ్లేవారనీ, తాను పట్టాభిషేకమైన పదేళ్లకు సంబోధికి, అంటే బుద్ధుడికి జ్ఞానం కలిగిన చోటుకి వెళ్లాననీ, అప్పటినుంచి ధర్మయాత్రలు మొదలయ్యాయనీ అందులో చెప్పుకున్నాడు. ఇది భాగమైన పద్నాలుగు శాసనాల వరస ఉత్తరాఖండ్‌లో డెహ్రాడూన్ జిల్లా కాల్సీ దగ్గర యమున ఒడ్డు బండ మీద ఉంది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్ట మీదా ఉంది. హిమాలయాల పాదాల దగ్గరా రాయలసీమ రాళ్ల మధ్యా ఒకే మాట ఒకే కాలంలో చెక్కించారు.

ఆ శాసనంలో సాధారణంగా ఎవరూ ఆగని చోటు ఒకటుంది. ధర్మయాత్రలో ఏం చేస్తారో అశోకుడు వరసగా చెప్పాడు: శ్రమణులనూ బ్రాహ్మణులనూ చూడటం, దానం చెయ్యడం, వృద్ధులను కలవడం, పల్లెల్లోని జనాన్ని కలిసి ధర్మం గురించి మాట్లాడటం. ఆ తర్వాత, వీటిలో తనకు కలిగే సంతోషం మిగతా సంతోషాలకన్నా పెద్దదని అన్నాడు. సంతోషం వద్దని ఎక్కడా అనలేదు. ప్రయాణంలో ఆనందం ఉండకూడదని, మొహం ముడుచుకుని నడవాలని చెప్పలేదు. వేటకు వెళ్లిన రాజు అడవి నుంచి ఏదో ఒకటి చంపి తెస్తాడు. ధర్మయాత్రకు వెళ్లిన రాజు ఆ ఊళ్లో మనుషులుంటారని గుర్తించి వాళ్ల ముందు కూర్చుంటాడు. అశోకుడు గీసిన గీత వినోదానికీ భక్తికీ మధ్య కాదు, వేటకీ పలకరింపుకీ మధ్య. నర్ సింగ్‌ను పడవెక్కించిన రోజు బ్యారన్ గీతకు ఏ వైపు ఉన్నాడో చెప్పక్కర్లేదు.

నైనీతాల్‌కు ఇంకో స్థలపురాణం ఉంది. స్కాందపురాణానికి చెందిందని చెప్పే మానసఖండంలో దీన్ని త్రిరిషి సరోవరమన్నారు. అత్రి, పులస్త్యుడు, పులహుడు ఈ కొండలకు వచ్చి, దాహానికి నీళ్లు దొరక్క గొయ్యి తవ్వి, మానససరోవరం నీటిని అందులోకి రప్పించారట. అందుకే ఇక్కడ స్నానం చేస్తే మానససరోవరంలో మునిగినంత ఫలమని నమ్మకం. ఈ ముగ్గురిలో పులస్త్యుణ్ణి గుర్తుపెట్టుకోవాలి. మహాభారతం అరణ్యపర్వంలో తీర్థయాత్రల గురించి భీష్ముడికి చెప్పింది ఈయనే. ఆ సంభాషణను నారదుడు ధర్మరాజుకు వినిపిస్తాడు. పాండవులు అప్పుడు అడవిలో ఉన్నారు. యజ్ఞం చెయ్యాలంటే డబ్బు కావాలి, సంభారాలు కావాలి, పదిమంది మనుషులు కావాలి. ఏమీ లేనివాడికి తీర్థయాత్రే యజ్ఞం అని పులస్త్యుడి బోధ. అయితే ఆయన ముందుగానే షరతు పెట్టాడు. చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవాడికే తీర్థఫలం. ఉన్నదానితో తృప్తిపడేవాడికి, దానాలు పట్టనివాడికి, అహంకారం లేనివాడికే ఆ ఫలం దక్కుతుంది.

చేతులూ కాళ్లూ అదుపులో ఉండాలనడం వింతగా ఉంటుంది. మనసు సంగతి సరే, చేతులకూ కాళ్లకూ పుణ్యంతో ఏం పని? నైనీతాల్ మాల్ రోడ్డు మీద సీజన్‌లో ఒక్క సాయంత్రం నిలబడితే ఏం పనో అర్థమవుతుంది. తిని పారేసిన మొక్కజొన్న కంకి, నీళ్ల సీసా, చిప్స్ పొట్లం ఒక చేతి నుంచే కదా రాలేది. ఒడ్డు కంచె దాటి మట్టిని కిందికి జార్చేది ఒక కాలే. చేపలకు పుణ్యమని వేసిన రొట్టెముక్కలు నీళ్లలో కుళ్లుతాయి. వేసిన చెయ్యి భక్తుడిది. పడవలో ఊరికే కూర్చుని కొండల్ని చూసి వెళ్లినవాడు పులస్త్యుడి షరతుకు దగ్గరగా ఉన్నాడు, పుణ్యం పేరుతో సరస్సులో ఇంత పడేసి వెళ్లినవాడు దూరంగా ఉన్నాడు. గుడికి వచ్చాడా, పడవకు వచ్చాడా అన్నది ఆ లెక్కలో లేదు.

ఇంతకీ ఆట దైవానికి తగదన్న ఆలోచన మన సంప్రదాయంలో ఉందా? మన దేవుళ్లు పడవ షికారుకు వెళ్లే దేవుళ్లు. తిరుమలలో ఫాల్గుణ పౌర్ణమికి ముగిసేలా ఐదు రోజులు స్వామి పుష్కరిణిలో తెప్పోత్సవం జరుగుతుంది. మొదటి రోజు సీతాలక్ష్మణులతో రాముడు, రెండో రోజు రుక్మిణితో కృష్ణుడు, తర్వాత మూడు రోజులు ఇద్దరు దేవేరులతో మలయప్పస్వామి దీపాల వెలుగులో నీటి మీద విహరిస్తారు. భద్రాచలంలో ముక్కోటి ఏకాదశి ముందు సాయంత్రం రాముడు హంసవాహనమెక్కి గోదావరిలో తిరుగుతాడు. ఆ తిరగడానికి ప్రయోజనమేమిటని ఎవరూ అడగరు. స్వామికి ముచ్చట. ఒడ్డున నిలబడ్డ జనానికి కన్నులపండుగ. అంతకుమించి ఏమీ లేకపోవడమే ఆ ఉత్సవంలోని సొగసు.

వేదాంతం ఇంకా లోతుకు వెళ్లింది. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. ఏ లోటూ లేని పరమాత్మ ఈ లోకాన్ని ఎందుకు సృష్టించాడు? ఏదో కావాలనుకుని సృష్టిస్తే ఆయనకు లోటున్నట్టు. ఏమీ వద్దనుకుంటే సృష్టి ఎందుకు? దానికి ముప్పై మూడో సూత్రం ఇచ్చిన జవాబు లీల. శంకరులు తమ భాష్యంలో దాన్ని వివరించడానికి ఎంచుకున్న ఉదాహరణ అచ్చంగా విహారయాత్రే: కోరికలన్నీ తీరిన ఒక రాజో మంత్రో క్రీడాస్థలాల్లో ఏ ప్రయోజనమూ ఆశించకుండా విహరిస్తాడు, అలాగే ఇదీ అన్నారు. సృష్టిరహస్యం చెప్పడానికి ఆయనకు యజ్ఞం తట్టలేదు, తపస్సు తట్టలేదు. ఆటవిడుపుగా తిరిగే మనిషి తట్టాడు.

అయితే ఆ ఉదాహరణలోని బిగువంతా ‘కోరికలన్నీ తీరిన’ అన్న దాంట్లో ఉంది. ఏమీ తీసుకోనక్కర్లేనివాడు తిరిగితే అది లీల. మూడు రోజుల ప్యాకేజీలో పెట్టిన ప్రతి రూపాయికీ ఒక దృశ్యం, ఒక ఫోటో, ఒక అనుభవం రాబట్టాలని పరుగెత్తేవాడు ఆడటం లేదు, వసూలు చేస్తున్నాడు. మంచు శిఖరాలు మబ్బు చాటునుంటే స్నో వ్యూ టికెట్ దండగయిందని కసురుకుంటాడు. అదే మనిషి గుడికి వెళ్లినా మొక్కుకు తగిన ఫలం రాబట్టుకోవాలనే చూస్తాడు. నిజమైన ఆట చాలా కష్టం. పిల్లలకు తేలికగా వస్తుంది, పెద్దలు నేర్చుకోవాలి. ఫ్లాట్స్ అని పిలిచే మైదానంలో సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లను చూస్తే శంకరుల మాట కొంచెం అర్థమవుతుంది. ఆ మైదానానికి ఒక పక్క నైనాదేవి గుడి, దగ్గరలోనే గురుద్వారా, మసీదు. అజాన్, గంట, గోల్ కొట్టినప్పటి కేక అన్నీ ఒకే గాలిలో కలుస్తాయి.

ఆ మైదానం కింద ఏముందో తెలిసినప్పుడు లీల అన్న మాట గొంతులో అడ్డుపడుతుంది.

1880 సెప్టెంబరు. దాదాపు రెండు రోజులుగా వాన తెరిపివ్వలేదు. 18వ తేదీ శనివారం పొద్దున షేర్ కా డాండా కొండ వాలు నుంచి మట్టి జారి విక్టోరియా హోటల్ వెనక భాగం మీద పడింది. కొందరు చనిపోయారు. శిథిలాల కింద చిక్కుకున్నవారిని తియ్యడానికి సిపాయిలు, అధికారులు, ఊరివాళ్లు పరుగున వచ్చి తవ్వుతున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కొండ మళ్లీ విరిగింది. ఈసారి హోటల్, దాని కింద ఉన్న దుకాణం, సమావేశమందిరం, అమ్మవారి గుడి, కాపాడటానికి వచ్చినవాళ్లు అందరూ కొన్ని క్షణాల్లో సరస్సు దాకా కొట్టుకుపోయారు. 151 మంది చనిపోయారు. వారిలో 108 మంది భారతీయులు, 43 మంది యూరోపియన్లు. జారివచ్చిన ఆ మట్టి పరుచుకుని ఒడ్డు పెరిగింది. ఇవాళ్టి మైదానం చాలావరకు దాని మీదే ఉంది. సెయింట్ జాన్ చర్చిలో ఇత్తడి ఫలకం మీద కొందరి పేర్లున్నాయి. గుడిని కొన్నేళ్లలో ఇప్పుడున్న చోట తిరిగి కట్టారు.

పవిత్రమైన చోటును విలాసానికి వాడుకుంటే అమ్మవారు ఆగ్రహించిందని అప్పుడూ అన్నవారున్నారు, ఇప్పుడూ కొండచరియ విరిగిన ప్రతిసారీ అనేవారున్నారు. ఆ మాటను ఒప్పుకోవడం కష్టం. ఆగ్రహించిన దేవి తన గుడినే ఎందుకు ఊడ్చేసుకుంటుంది? చనిపోయినవారిలో చాలామంది ఆ మధ్యాహ్నం ఇంకొకరి ప్రాణం కాపాడటానికి చేతులతో మట్టి తవ్వుతున్నవారు. వాళ్లకు శిక్ష వేసే దైవం పూజకు తగిన దైవం కాదు. బాధపడ్డవారి మీద పాపం మోపి మనం ఊపిరి పీల్చుకోవడానికి ఆ వాదన పనికొస్తుంది, అంతే.

బ్రహ్మసూత్రాలు ఈ ప్రశ్ననుంచి తప్పించుకోలేదు. లీల గురించి చెప్పిన సూత్రం తర్వాతి సూత్రమే, మరి దేవుడు పక్షపాతి, దయలేనివాడు కాడా అన్న ఆక్షేపణను ఎత్తుకుంటుంది. శంకరులు అక్కడ వాన ఉదాహరణ తెచ్చారు. వాన అన్ని గింజల మీదా ఒకేలా కురుస్తుంది. వరి వరిగా, యవలు యవలుగా మొలవడానికి కారణం ఆ గింజల్లోనే ఉంది. ఈశ్వరుడూ వానలాంటివాడేనని, తేడాలన్నీ జీవుల కర్మ వల్లనేనని ఆయన సమాధానం. నైనీతాల్‌కు ఈ మాటను అక్షరాలా అన్వయించవచ్చు. 1880లో వాన అన్ని కొండల మీదా కురిసింది. విరిగింది మాత్రం, పలకరాయి పొరలతో ముందే బలహీనంగా ఉండి, ఇళ్ల కోసం, దారుల కోసం చెక్కేసిన వాలు. నీరు ఇంకి బరువెక్కి జారింది. కర్మ అంటే ఇక్కడ పూర్వజన్మ దాకా వెళ్లనక్కర్లేదు, నలభై ఏళ్ల కట్టడాలు చాలు. కానీ చెక్కినవాడొకడు, పోయినవాడొకడు. మనిషి మనిషికీ విడిగా రాసిపెట్టిన కర్మలెక్కతో ఆ 151 మంది చావు అర్థం కాదు. ఒక ఊరంతా కలిసి చేసే కర్మ అంటూ ఒకటుందని ఒప్పుకుంటే తప్ప ఆ ఉపమానం ఈ కొండ మీద నిలవదు. మన వేదాంత చర్చల్లో దాని గురించి రావలసినంత ఆలోచన రాలేదు.

ఊరు మాత్రం ఆచరణలో దాన్ని ఒప్పుకుంది. ప్రమాదం తర్వాత కొండవాలుల మీది వాననీటిని నేలలోకి ఇంకనివ్వకుండా పట్టి సరస్సులోకి దింపే రాతికాలువలను వరసగా కట్టారు. ఇప్పటికీ ఊరిని నిలబెడుతున్నవి అవే. ఆ కాలువల మీద ఇళ్లు లేపినా, వాటిలో చెత్త పోసినా పొరుగువాడి గోడ కదులుతుంది. అయినా 2024 ఆగస్టులో టిఫిన్ టాప్ కొండ కొసన ఉన్న డోరొథీస్ సీట్ వానలకు విరిగిపడింది. ఎన్నో తరాల విహారులు కూర్చుని ఊరిని చూసిన రాయి అది.

ఈ ఊళ్లోనే ఉత్తరాఖండ్ హైకోర్టు ఉంది. 2017 మార్చిలో ఆ కోర్టు పది రోజుల తేడాతో రెండు తీర్పులిచ్చింది. మొదటిది గంగా యమునలకు చట్టం దృష్టిలో వ్యక్తి హోదా ఇచ్చింది. రెండోది ఆ హోదాను రాష్ట్రంలోని హిమానీనదాలకు, వాగులకు, సరస్సులకు, అడవులకు విస్తరించింది. ఈ ఆలోచన మన దేశంలో ఆకాశం నుంచి ఊడిపడలేదు. గుళ్లోని మూర్తికి ఆస్తి ఉంటుంది, తరఫున దావా వేసే సంరక్షకుడుంటాడు, చట్టం లెక్కలో ఆ దేవుడు ఎప్పటికీ మైనరే. తరాలుగా గుడి భూముల తగవుల్లో నలిగిన ఆ సూత్రాన్నే జడ్జీలు నీటికి వర్తింపజేశారు. గంగా యమునల తీర్పు అమలును జులైలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఆ వేసవిలోనే కోర్టుకు కూతవేటు దూరంలో నైనీ సరస్సు ఎన్నడూ లేనంతగా అడుగంటి, ఒడ్డు పొడుగునా మట్టిదిబ్బలు తేలాయి.

మరుసటి ఏడాది అదే కోర్టు నిబంధనలు తయారయ్యేదాకా నదుల్లో ర్యాఫ్టింగ్‌ను, పారాగ్లైడింగ్‌ను ఆపమంది. ఎత్తైన పచ్చికబయళ్లలో రాత్రి బస నిషేధించి, పర్యాటకుల సంఖ్యను 200కు పరిమితం చేసింది. గైడ్లు, గుర్రాలవాళ్లు, డేరాలవాళ్లు బతుకుదెరువు పోయిందని మొరపెట్టుకున్నారు. వాళ్ల మొర న్యాయమైనదే. అయినా ఈ తీర్పుల్లో మెచ్చుకోవలసింది ఒకటుంది. ఆటను పాపమనలేదు. ఆటకు నియమం కావాలన్నాయి. నియమం లేనిది ఏ క్రీడాకారుడూ ఆట అనడు.

విహారుల మీద వేసే నిందలో భక్తులకు వాటా లేదనుకుంటే కైంచీధామ్ దారి చూడాలి. నైనీతాల్‌కు పదిహేడు కిలోమీటర్ల దూరంలో, భవాలీ నుంచి అల్మోరా వెళ్లే రోడ్డు మీద, వాగు పక్కన నీమ్ కరోలీ బాబా ఆశ్రమం ఉంది. బాబా 1973లో సమాధి చెందారు. ఆ మరుసటి ఏడు స్టీవ్ జాబ్స్ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాడన్న కథ ఇప్పుడు మన హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లోనూ అందరికీ తెలుసు. ఏటా జూన్ 15న జరిగే ఉత్సవానికి మాల్పువా ప్రసాదం కోసం జనం పోటెత్తుతారు. మిగతా రోజుల్లోనూ వారాంతమైతే ఆ ఇరుకు కొండదారిలో కార్లు గంటల తరబడి కదలవు. అంబులెన్స్ వచ్చినా అంతే. అందులో ఉన్నవారంతా తీర్థయాత్రికులు. బాబా జీవితమంతా చెప్పింది అందరినీ ప్రేమించు, అన్నం పెట్టు అని. ఆయన దర్శనానికి వెళ్తూ ఆ కొండపల్లెల వాళ్లకు బడికి, ఆసుపత్రికి దారి లేకుండా చెయ్యడం ఆయనకు ఇష్టమవుతుందా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

భాద్రపదంలో వస్తే నైనీతాల్ ఇంకోలా కనిపిస్తుంది. నందాష్టమికి ముందు ఊరివాళ్లు మేళతాళాలతో ఓ పల్లెకు వెళ్లి అరటిచెట్లను పూజించి తెస్తారు. ఆ అరటిబోదెలకు వెదురుబద్దలు కట్టి, దూది పెట్టి, గుడ్డ బిగించి, రంగులతో ముఖం దిద్దుతారు. ఒకరు నంద, ఒకరు సునంద. అష్టమి బ్రహ్మముహూర్తంలో తెర తీస్తారు. కుమావూకు నంద ఆడపడుచు, పుట్టింటికి వచ్చిన పిల్ల. కొన్నాళ్లు ఉంచుకుని, ఊరేగించి, ఏడుస్తూ సాగనంపుతారు, సరస్సులో నిమజ్జనం చేస్తారు. జాతర బజారు, రంగులరాట్నం, మిఠాయిలు, పిల్లల బూరలు అన్నీ ఉంటాయి. పూజ ఎక్కడ ఆగింది, సంబరం ఎక్కడ మొదలైంది అని అక్కడెవరినైనా అడిగితే ప్రశ్నే అర్థం కాదు. బ్యారన్ రాకముందు ఏటా ఒడ్డున జరిగిన జాతర కూడా ఇలాగే ఉండి ఉంటుంది. కలిసిరావడం, ఆడటం, మొక్కడం, ఆ తర్వాత చోటును దాని మానాన వదిలి వెళ్లడం.

ఈ వదిలి వెళ్లడం ఇవాళ ఎంత కష్టమైందో చెప్పడానికి మల్లీతాల్ పైన ఉన్న సూఖాతాల్ ఒక్కటి చాలు. వానల్లో నిండి, తర్వాత ఎండిపోయే గుంట అది. నిండిన నీరు నేలలోకి ఇంకి, రాళ్ల పొరల గుండా దిగి, నెలల తర్వాత కూడా నైనీ సరస్సుకు ఊటగా అందుతుంది. చూడటానికి అక్కడేమీ లేదు. గుడి లేదు, పడవ లేదు. అంచులు ఇళ్లు ఆక్రమించాయి, కట్టడాల మట్టి పోశారు, బళ్లు నిలిపారు. ఆ తర్వాత దాన్ని అందంగా తీర్చిదిద్ది, ఏడాది పొడవునా నీరు నిలిపి పర్యాటకులను రప్పించాలన్న పథకం వచ్చింది. అడుగున నీరు ఇంకకుండా చేస్తే కింది సరస్సుకు ఊట తెగిపోతుందని పర్యావరణం తెలిసినవారు ఆందోళన పడ్డారు. 2022 నవంబరులో హైకోర్టు అక్కడి నిర్మాణ పనులను ఆపమంది.

దేవి కన్నుకు ఊటనీరు కొంత వచ్చేది ఆ ఎండిన గుంట నుంచే. నైనాదేవికి మొక్కడానికి వచ్చేవాళ్లూ, పడవెక్కడానికి వచ్చేవాళ్లూ కలిసి అడగవలసింది ఏదైనా ఉంటే అది సూఖాతాల్‌ను మట్టి పొయ్యకుండా, సిమెంటు చెయ్యకుండా, ఎండాకాలంలో ఎండిపోనిచ్చి వానాకాలంలో నిండనివ్వమని. హోటల్ గది బేరమాడేటప్పుడు మురుగు ఎటు పోతుందని ఒక్క మాట అడగడం, మే నెలలో కాక భాద్రపదంలో వెళ్లడం, కారును కొండ కింద కాఠ్‌గోదామ్‌లో వదిలి బస్సెక్కడం తీర్థయాత్రికుడైనా విహారయాత్రికుడైనా చెయ్యగలిగిన పనులే.